గరుకు పట్టీలు

జూన్ 3

పై పోర్షన్‌కి మనుషులు దొరికారు. మొగుడూ పెళ్ళాం, అంతే. ఆయన లిఫ్టులు బిగించే కంపెనీలో సూపర్‌వైజర్. ఆవిడ ఇంట్లోంచే పిల్లలకి ఆన్‌లైన్లో లెక్కలు చెబుతుంది. అగ్రిమెంట్ ఆయన పేరు మీదే రాశాం. ఆవిడ పేరు కూడా వేద్దామా అని నేనే అడిగాను. ఉండేది ఒకే సంసారం కదా మేడమ్, రెండు సంతకాలెందుకు అని ఆయన నవ్వాడు. ఆవిడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

కాలేజీలో లాజిక్ చెప్పడం మానేసినప్పటి నుంచీ నాకు కూడు పెట్టేది ఆ పోర్షనే. కాబట్టి మనుషుల్ని చూసి ఇవ్వాలి. చూశాను. ఇస్త్రీ చొక్కా, శుభ్రమైన గోళ్ళు, మెత్తటి మాట. ఇంతకంటే ఏం చూస్తారు?

అన్నయ్య ఫోన్. పెదనాన్న కొడుకు, వీధికో ఇల్లున్నవాడు, ఓనర్ల గ్రూపుకి అధ్యక్షుడు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ అద్దెకిచ్చి చూడు అనడం పెద్దవాళ్ళు మర్చిపోయారే అన్నాడు. కొత్త ఓనర్ల కోసం సలహాలు రాసిపెట్టమన్నాడు, గ్రూపులో పెడతాడట. పీజీలు వెలగబెట్టావు కదా, ఆ చదువు దేనికో ఒకదానికి పనికిరానీ అని చురక.

మొదటి సలహా ఆయనే చెప్పాడు. ఇంటిని చూసుకో, ఇంట్లో మనుషుల్ని చూడకు.

జూన్ 20

పై ఆయన వంటింటి కొళాయి తనే బాగుచేసుకున్నాడు. ప్లంబర్ అయితే రేపు, ఎల్లుండి అని నెల గడిపేవాడు. ఈయన దగ్గర డ్రిల్లు ఉంది, స్పిరిట్ లెవెల్ ఉంది, స్క్రూలు సైజుల వారీగా చిన్న చిన్న డబ్బాల్లో ఉన్నాయి. నా పెళ్ళి నిలబడినన్నాళ్ళూ ఇంట్లో ఒక్క మేకు కొట్టిన మగాణ్ణి చూడలేదు. కాసేపు నిలబడి చూశాను, సర్కస్ చూసినట్టు.

జూలై 8

పొద్దున పైన ఏదో పగిలింది. గాజు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత చీపురు చప్పుడు.

సాయంత్రం ఆయన కొత్త అద్దం మోసుకుంటూ మెట్లెక్కాడు. బాత్రూమ్‌లోది మేడమ్, చెయ్యి తగిలింది, మీకెందుకు శ్రమ అన్నాడు. నేను పెట్టించింది మామూలు అద్దం. ఆయన తెచ్చింది అంచులు చెక్కింది.

గ్రూపులో రాశాను. ఓనర్లంతా కుళ్ళుకున్నారు. మా వాడు బల్బు పోయినా నన్నే పిలుస్తాడండీ, మీ టెనెంట్‌ని మాకో నెల అద్దెకివ్వండి అని ఒకాయన. బంగారం దొరికిందిలేవే నీకు అని అన్నయ్య. ఇక పై ఆయన పేరు బంగారం.

జూలై 25

వాష్‌బేసిన్ కూడా మారింది. పాతదాని కంటే బాగుంది.

ఆగస్టు 9

ఆవిడ కూరల సంచితో మెట్లెక్కుతుంటే ఎదురుపడ్డాను. మణికట్టుకి కట్టు. కంటి కింద వాపు, ఊదా రంగులోకి తిరిగింది. ఏమైందమ్మా అంటే మెట్ల మీద జారానక్కా అంది.

గుండె గుభేలుమంది. నా కోసమే రాసుకుంటున్నాను కాబట్టి ఉన్నదే రాస్తాను: ఆవిడ కంటి కోసం కాదు, నా మెట్ల కోసం. నున్నటి రాయి. చినుకు పడితే గాజే. రేపు ఎవరి తలైనా పగిలితే ఓనర్ మెడకే చుట్టుకుంటుంది. అన్నయ్యకి ఫోన్ చేశాను. అంచులకి గరుకు పట్టీలు కొట్టించు, ఈలోగా ఆ పిల్లకి పళ్ళో బ్రెడ్డో పట్టుకెళ్ళు, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది అన్నాడు.

ఆగస్టు 10, ఆదివారం

పట్టీలు తెచ్చాను. ఇసుక కాగితంలా నల్లగా, ఇనప అంచుతో ఉన్నాయి. పనివాడెందుకు మేడమ్ అని బంగారమే దిగాడు. ఒక్కో మెట్టు మీదా మోకాళ్ళ మీద కూర్చుని, కొలిచి, డ్రిల్లు వేసి, బిగించాడు. ఆవిడ పక్కన కూర్చుని మంచి చేత్తో స్క్రూలు అందించింది. ఈవిడ చూపు నేల మీద ఉండదండీ, అందుకే మీకీ తిప్పలు అన్నాడు. నేను నవ్వాను. ఆవిడ ఇంకో స్క్రూ అందించింది.

ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. కింద సలహా: మెట్లు జారితే టెనెంట్‌ని తప్పుపట్టకండి, మెట్లు మార్చండి. చప్పట్ల బొమ్మలే బొమ్మలు.

ఆగస్టు 11

పైకీ కిందకీ నడిచి చూశాను. కాలు అంటుకుపోతోంది. ఇక ఎవరూ జారరు.

ఆగస్టు 22

లోపలి గది తలుపుకి బయటి వైపు గడియ పెట్టుకోవచ్చా అని బంగారం అడిగాడు. సామాన్ల గది చేసుకుంటారట. ఖాళీ చేసేటప్పుడు చిల్లులు పూడ్చి పాలిష్ చేయించాలి, టేకు తలుపు అన్నాను. తప్పకుండా మేడమ్ అన్నాడు. అడిగి చేసే టెనెంట్ ఎంతమందికి దొరుకుతాడు?

సెప్టెంబరు 4

వాటర్ ట్యాంకు చూడటానికి పైకి వెళ్ళాను. టెర్రస్ మీదకి వాళ్ళ హాల్లోంచే దారి. ఆవిడ క్లాసు చెబుతోంది, కెమెరా ఆపేసి. పిల్లలకి గొంతు మాత్రమే వినిపిస్తోంది. బంగారం డ్యూటీలో ఉన్నాడు.

హాలు గోడకి ఒకచోట కొత్త రంగు. పళ్ళెమంత. షేడు బాగానే కలిపాడు, కానీ కిటికీ వెలుగు పక్కనుంచి పడితే తెలుస్తుంది. కింద ప్లాస్టర్ పగిలితే పూడ్చి, రుద్ది, రంగేశాడు. నా తల ఎత్తులో ఉంది. ఆవిడా నేనూ ఒకే ఎత్తు. ఆవిడ అటు తిరిగి ఉండగా తల ఆనించి చూశాను. సరిపోయింది.

సామాన్ల గది తలుపు తీసి ఉంది. సామాన్లు లేవు. ఒక చాప. నీళ్ళ సీసా. మూలన ప్లాస్టిక్ బకెట్. దాని మీద మూత.

కిందికొచ్చి కూర్చున్నాను. ఒక మచ్చని చూసి కథ అల్లడం దోషమని క్లాసులో చెప్పేదాన్ని. అద్దం, బేసిన్, గోడ, మణికట్టు, గది. కొన్ని ఉదాహరణలు సిద్ధాంతం కావు అని కూడా చెప్పేదాన్ని. ఎన్నయితే అవుతాయో ఏ పిల్లా అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో.

సెప్టెంబరు 6

అన్నయ్యకి చెప్పాను. గోరంతలు కొండంతలు చెయ్యకు అన్నాడు. ఆలుమగల పోట్లాట అద్దం మీద పెసరగింజ నిలిచినంతసేపే అన్నాడు.

అద్దమే పగిలింది కదా అన్నాను.

మార్పించాడు కదే, నీకు నష్టమేముంది అన్నాడు. పోలీసులొచ్చిన ఇంటికి మళ్ళీ టెనెంట్ రాడట. నెల తిరిగేసరికి ఏం తింటావు, లాజిక్ తింటావా అన్నాడు. ఆయన దుర్మార్గుడు కాదు. నా విడాకులప్పుడు తిండి పెట్టింది ఆయనే. అదే నాకు చిక్కు. మంచివాళ్ళ సలహాలు తిరస్కరించడం కష్టం.

సెప్టెంబరు 15

బట్టలు ఆరేస్తుంటే ఆవిడని పట్టుకున్నాను. ఈసారి మెడ మీద వేళ్ళ గుర్తులు. మళ్ళీ మెట్ల మీద జారానంది.

"మెట్లకి పట్టీలున్నాయి కదమ్మా" అన్నాను.

ఆవిడ నన్ను చూసింది. తర్వాత నవ్వింది, ఈసారి ఆలస్యం చెయ్యకుండా. "అవును కదా. నేనే అందించాను స్క్రూలు. ఇక ఇంకోటి వెతుక్కోవాలక్కా."

వెళ్ళిపోదువు గానీ, నేను తోడొస్తాను, నా గదిలో ఉండు అన్నాను. నీ గది కింద, ఆయన గది పైన, మధ్యలో స్లాబే కదా అక్కా అంది. చివరి క్లిప్పు పెట్టి ఖాళీ బకెట్ తీసుకుని వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 28, మధ్యాహ్నం

ఇప్పుడే. మొదట కుర్చీ. తర్వాత ఒక మెత్తటి చప్పుడు, పిండి మూట పడేసినట్టు. మళ్ళీ. మళ్ళీ. అరుపు లేదు. అరుపుంటే బాగుండేది. తర్వాత నేల మీద ఏదో ఈడ్చారు, నా హాలు మీదుగా, నా మంచం మీదుగా, లోపలి గది వైపు. గడియ పడింది. మంచి గడియ. ఒక్కసారికే పడింది.

నేను మిక్సీ వేశాను. ఖాళీ మిక్సీ. వాసనొచ్చేదాకా తిప్పాను.

సెప్టెంబరు 29

పోలీసులకి ఫోన్ చేశాను. వచ్చారు. ఆవిడే తలుపు తీసి, ఏమీ లేదండీ, కింది అక్కకి ఒంటరితనం అని చెప్పి పంపించేసింది. ఆవిడ వెనకే బంగారం నిలబడ్డాడట. పోలీసాయన నాతో జాలిగా మాట్లాడాడు.

సాయంత్రం బంగారం వచ్చి నా డోర్‌బెల్ బాగుచేశాడు. నేను చెప్పలేదు. అది పాడైందని నాకే తెలీదు. మిమ్మల్ని ఎవరైనా పిలిస్తే వినిపించాలి కదా మేడమ్ అన్నాడు.

అక్టోబరు 12, ఆదివారం

ఇది రాయకూడదు. రాయకపోతే రేపటికి నేనే మార్చేసుకుంటాను.

పొద్దున గేటు దగ్గర నీళ్ళ వాల్వు తిప్పుతున్నాను. గుంటలోకి దించి తిప్పే పొడుగాటి ఇనప రాడ్డు ఉంటుంది నా దగ్గర. పైన మొదలైంది. ఈసారి ఆవిడ అరిచింది. మాట కాదు, అరుపు. తర్వాత గడియ. తర్వాత తలుపుని లోపలినుంచి తన్నుతున్న చప్పుడు, ఆగకుండా.

బంగారం మెట్లు దిగాడు. చొక్కా మార్చుకున్నాడు. కుడి పిడికిలి చర్మం లేచి ఉంది. నన్ను చూసి ఆగి, చిన్న రిపేరుంది మేడమ్, సామాను తేవడానికి వెళ్తున్నా, సాయంత్రానికి అయిపోతుంది అన్నాడు. అన్ని రోజుల్లాగే చెప్పాడు. అప్పుడనిపించింది, ఇంతకాలం నేను చూసి మురిసిందంతా ఇదే అని.

ఫోన్ ఇంట్లో ఉంది. రాడ్డు చేతిలో ఉంది. డూప్లికేట్ తాళం నడుముకుంది. ఆయన గేటు దాటాడు. నేను పైకి పరిగెత్తాను.

హాల్లో నేల తుడిచి ఉంది. తుడిచిన గుడ్డ సింకులో ఎర్రగా ఉంది. గడియ లాగాను. ఆవిడ తలుపు మీదే పడి ఉంది కాబట్టి తలుపుతో పాటు బయటికొచ్చింది. ఒక కన్ను లేదనుకున్నాను. ఉంది, వాపు కింద. ముందు పన్ను పెదవిలో గుచ్చుకుని ఉంది. టేకు తలుపు కింది పలక చీలిపోయింది. ఆ కాళ్ళతోనే చీల్చింది. పద అన్నాను. ఈసారి లేచింది.

మెట్ల పైమెట్టు దాకా వచ్చాం. ఆయన కింద నుంచి ఎక్కి వస్తున్నాడు. పర్సు మర్చిపోయాడో, నన్ను నమ్మలేదో తెలీదు. ఏమీ మాట్లాడలేదు. నన్ను మోచేత్తో గోడకి కొట్టాడు, నా నోట్లో ఉప్పగా అయింది. ఆవిడ జుట్టు చేతికి చుట్టుకుని, మెట్ల వైపు నిలబడి, లోపలికి నెట్టాడు. ఆవిడ గుమ్మాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఆయన ఆ వేళ్ళని ఒక్కొక్కటీ వెనక్కి విరుస్తున్నాడు. తొందర లేకుండా. స్క్రూ విప్పుతున్నట్టు.

రాడ్డుతో కొట్టాను. ఎక్కడ తగిలిందో చూడలేదు. జుట్టు వదిలాడు. నా వైపు తిరిగాడు, అడుగు వెనక్కి వేశాడు, అక్కడ మెట్టు లేదు. మెట్ల మలుపు దాకా దొర్లాడు. తల పట్టీ అంచుకి కొట్టుకోవడం వినిపించింది.

లేవబోయాడు. మోచేతి మీద లేచి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఆశ్చర్యం.

నేను దిగి మళ్ళీ కొట్టాను.

అదే రోజు, సాయంత్రం

ఇది కూడా రాయాలి. అంబులెన్సుకి నేను ఫోన్ చేస్తుండగా ఆవిడ లోపలికెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చింది. విరిగిన వేళ్ళు చీరచెంగులో చుట్టుకుని, రెండో చేత్తో పైమెట్టు పట్టీ విప్పింది. ఎంతోసేపు పట్టలేదు. పట్టీని అటక మీద పడేసింది. స్క్రూలు సైజు చూసుకుని సరైన డబ్బాలో వేసింది. నేను చూస్తూ నిలబడ్డాను.

మొన్న వచ్చిన పోలీసాయనే వచ్చాడు. ఆవిడ మొహం చూశాడు, నా పెదవి చూశాడు, మెట్లు చూశాడు.

"మెట్ల మీద జారాడండి" అంది ఆవిడ. "నేను జారబోతే పట్టుకోబోయి, ఇద్దరం పడ్డాం. అక్క ఆపబోయింది."

ఆయన పైమెట్టు మీద బూటు పెట్టి రుద్దాడు. నున్నగా జారింది. కింది మెట్టు మీద రుద్దాడు. బూటు ఆగింది. అన్నిటికీ ఉండి దీనికెందుకు లేదు, ఎన్నాళ్ళయింది ఊడి అన్నాడు.

"ఊడి చాలా రోజులైంది" అన్నాను. "చూసీ ఊరుకున్నాను."

ఓనర్ నిర్లక్ష్యం అని రాసుకున్నాడు. సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. ఆ కాగితంలో ఆ ఒక్క మాటే నిజం.

అక్టోబరు 13

పొద్దున్నే నీళ్ళొచ్చాయి. వాల్వు తిప్పాలి కదా. అదే రాడ్డు.

అక్టోబరు 16

పోయాడు. తెలివి రాకుండానే.

తలకి దెబ్బ అన్నాడు డాక్టరు. ఏ దెబ్బ? మొదటిదా, పట్టీ అంచా, నాదే రెండోదా? మొదటిదైతే ఒక రకం మనిషిని. రెండోదైతే ఇంకో రకం. మధ్యలోదైతే నిజంగానే మెట్లు చంపాయి, నేను డబ్బిచ్చి కొన్న పట్టీ చంపింది. అడిగితే డాక్టరు చెబుతాడేమో. అడగను.

అక్టోబరు 18

గ్రూపంతా సంతాపాలు. పెళ్ళాన్ని కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు, బంగారం లాంటి మనిషి అని రాస్తున్నారు. నన్ను ఎవరూ పేరు పెట్టి తిట్టలేదు. అన్నయ్య మాత్రం కొత్త సలహా పెట్టాడు: ఊడిన పట్టీని ఆ రోజే బిగించండి, మా చెల్లెలి అనుభవం చూసి నేర్చుకోండి. చప్పట్ల బొమ్మలు.

నవంబరు 2

బంగారం వాళ్ళన్న వచ్చాడు. తమ్ముడి పేరున అగ్రిమెంట్, తమ్ముడు లేడు, ఈవిడని ఖాళీ చేయించి సామాను అప్పగించండి అన్నాడు. మాటలు తమ్ముడివే, అంత మెత్తగానూ. ఆవిడ పేరున కొత్త అగ్రిమెంట్ నిన్ననే అయిందండీ అన్నాను. కాలేదు. ఆయన వెళ్ళాక ఇద్దరం కూర్చుని రాశాం, నిన్నటి తేదీ వేసి. ఆవిడ ఎడమ చేత్తో సంతకం పెట్టింది. అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందని తెలిస్తే లాజిక్ బదులు ఇదే చెప్పి బతికేదాన్ని.

నవంబరు 20

ఇన్నాళ్ళూ ఆ సంగతి మేం మాట్లాడుకోలేదు. ఇవాళ సాయంత్రం ఆవిడ కాఫీ తెచ్చి మెట్ల మీద కూర్చుంది. కెమెరా పెట్టుకునే క్లాసు చెబుతోందట ఇప్పుడు. ముందు పన్ను కొత్తది. ఎక్కడ కట్టించిందో అడిగాను, చెప్పింది. కాఫీ సగం తాగింది.

"రెండోసారి కొట్టావు చూడు" అంది. "నేనూ నీ వెనకే దిగానక్కా. చేతికి అందేంత దూరం. పట్టుకుని ఆపొచ్చు."

నేను నా కాఫీ కప్పులోకి చూశాను.

"ఆపలేదు. అది నీ ఒక్కదాని లెక్కలో రాసుకోకు."

నేను రాసుకుంటున్నానని ఆవిడకెలా తెలుసు? తెలీదులే. లెక్కల టీచరు కదా, అలవాటు మాట. కాఫీ బాగుంది.

డిసెంబరు 7

అన్నయ్య సలహాల సంగతి మళ్ళీ అడిగాడు. కూర్చుని రాశాను. గోడలు, కొళాయిలు, అడ్వాన్సు, అన్నీ కొట్టేశాను. మిగిలింది ఇది:

అగ్రిమెంట్‌లో ఇంట్లో ఉండే పెద్దవాళ్ళందరి పేర్లూ వెయ్యండి. ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు గోడల కంటే ముందు తలుపులు చూడండి. గడియ ఏ వైపు ఉందో చూడండి. అన్నీ తనే బాగుచేసే టెనెంట్ దొరికితే, అవి ఎలా పగిలాయో అడగండి. అడిగి, జవాబొచ్చేదాకా అక్కడే నిలబడండి.

అన్నయ్య ఫోన్ చేశాడు. మొదటిది పెడతానమ్మా, మిగతాది చదివితే జనం అద్దెకివ్వడమే మానేస్తారు అన్నాడు. ఫోన్ పెట్టెయ్యబోయి ఆగాడు. నువ్వు బాగానే ఉన్నావా అన్నాడు. బాగానే ఉన్నాను అన్నాను.

డిసెంబరు 14

చీలిన తలుపు మార్చాలా అని ఆవిడని అడిగాను. గడియ మాత్రం పీకెయ్ అంది. పీకేశాను. చిల్లులు పూడ్చలేదు.

పైమెట్టు పట్టీ అటక మీదే ఉంది. దాని ఊసు ఇద్దరం ఎత్తలేదు.

డిసెంబరు 19

ఇవాళ నిజంగానే మెట్ల మీద జారాను. పైమెట్టు మీద. పెదవి చిట్లింది, మోచెయ్యి వాచింది.

అన్నయ్య అడిగితే తలుపు తగిలిందని చెప్పాను.